ఈ మధ్య చూసిన సినిమాలు: ఒక కాకి, ఒక వరద

“ఈ మధ్య ఇంట్లో గానీ బయట గానీ చూసిన సినిమాల్లో మీకు బాగా నచ్చినవి ఏవి, ఎందుకు?” అని అడిగారు. చూసినవి చాలానే ఉన్నాయి. మనసులో నిలిచినవి మూడు, అందులోనూ రెండింటి గురించి గట్టిగా చెప్పాలని ఉంది. ఒకటి ‘బలగం’ (2023), రెండోది మలయాళ సినిమా ‘ఉళ్ళొళుక్కు’ (2024). ఒకటి తెలంగాణ పల్లెలో జరుగుతుంది, ఇంకొకటి కేరళలోని కుట్టనాడులో. రెండు కథల్లోనూ ఇంట్లో ఒక మనిషి పోతాడు, ఆ తరువాత సాగవలసిన కార్యం సాగదు. అక్కడ కాకి పిండం ముట్టదు, ఇక్కడ వరద తగ్గదు. మేం అనుకోకుండా ఒకే వారంలో రెండూ చూశాం. మీకూ వీలైతే అలాగే చూడండి.

‘బలగం’ నాకు కొత్త కాదు. విడుదలైన కొత్తలో థియేటర్‌లో చూశాను. అప్పట్లో తెలంగాణ ఊళ్లలో పంచాయతీ ముందు తెర కట్టి ఊరంతటికీ ఆ సినిమా చూపించారు, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఇప్పుడు ఇంట్లో మా అమ్మతో కలిసి చూస్తే వేరే సినిమాలా అనిపించింది. అమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఒక లంక గ్రామం. సినిమాలోని యాస ఆమెకు అలవాటు లేనిది. అయినా కథలో ఇంటి పెద్ద కొమురయ్య పోయిన దగ్గర నుంచి ఆమెకు ఏదీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

వేణు యెల్దండికి దర్శకుడిగా ఇది మొదటి సినిమా. హాస్య నటుడిగా తెలిసిన మనిషి ఒక చావు ఇంటిని ఇంత ఓపికగా చూపిస్తాడని నేను ఊహించలేదు. కొమురయ్య కూతురి కుటుంబం పుట్టింటికి రాకపోకలు మానేసి ఏళ్లు గడిచిపోయాయి. కారణం ఆస్తి కాదు, కట్నం కాదు. భోజనాల దగ్గర అల్లుడికి నల్లి బొక్క వేయలేదన్న మాట. మూలుగ ఉన్న ఆ ఒక్క ఎముక ముక్క దగ్గర మాట పట్టింపు వచ్చి, మాట పెరిగి, ఇల్లు రెండుగా చీలింది. వినడానికి చిన్న విషయం. కానీ మన ఇళ్లలో పెద్ద తగాదాలన్నీ ఇలా విస్తరి దగ్గరో, పెళ్లి పందిట్లో పిలుపు దగ్గరో మొదలైనవే. అల్లుడి మర్యాద ఎంత బరువైనదో తెలియనివాళ్లకు ఆ కథ కుదరదు. ఈ దర్శకుడికి అది బాగా తెలుసు.

ఇక కాకి సంగతి. మూడో రోజు పిండం ముట్టదు. పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని ఊరు గుసగుసలాడుతుంది. ఇది సినిమా కోసం పుట్టించిన చిత్రం కాదు. మా తాతయ్య పెద్దకర్మ నాడు కాలవ గట్టు మీద ఆకులో అన్నం పెట్టి అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు చింతచెట్టు మీదే ఉన్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. మగవాళ్లు చేతులు జోడించి ఒక్కొక్కరే పైకే మాట ఇవ్వడం మొదలుపెట్టారు. “పెద్దమ్మాయిని మేం చూసుకుంటాం” అన్నారు ఒకరు. “దొడ్డి వైపు గోడ సంగతి తేల్చేస్తాం” అన్నారు మరొకరు. మా చిన్నమామయ్య ఏమీ అనకుండా చాలాసేపు నేల చూస్తూ ఉండి, చివరికి “అన్నయ్యతో మాట్లాడతాను” అన్నాడు. ఆ తరువాతే ఒక కాకి దిగింది. నమ్మకం నిజమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఇంటి గుమ్మం లోపల ఎన్నడూ నోరు విప్పని మనుషుల చేత నలుగురి ముందు మాట ఇప్పించే శక్తి ఆ ఎదురుచూపుకు ఉంది. ‘బలగం’ పట్టుకున్నది సరిగ్గా దాన్నే.

లోపాలు లేవని కాదు. కొమురయ్య మనవడు సాయిలు అప్పుల గొడవ, మరదలి ఆస్తి మీద కన్నేసే భాగం నాకు మొదటిసారీ ఆనలేదు, ఇప్పుడూ ఆనలేదు. ఆ పాత్రను ప్రియదర్శి బాగా చేశాడు కాబట్టి గడిచిపోతుంది. కానీ చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాట వచ్చేసరికి ఆ లోపాలేవీ గుర్తు రావు. వాళ్లు బుడగ జంగం కళాకారులు. చావు ఇంట్లో పోయిన మనిషి జీవితాన్ని బిడ్డలకు పాటగా కట్టి వినిపించే సంప్రదాయంలోంచి నేరుగా వచ్చినవాళ్లు. ఆ గొంతుల్లో నటన లేదు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారన్న సంగతి తెలిసి చూడటంతో ఈసారి ఆ పాట ఇంకా బరువుగా తగిలింది. అమ్మ దాన్ని వెనక్కి తిప్పించుకుని మళ్లీ విన్నది.

‘ఉళ్ళొళుక్కు’ ఆ తరువాత రెండు రోజులకు చూశాం. దర్శకుడు క్రిస్టో టామీ. కుట్టనాడు సముద్ర మట్టం కన్నా పల్లపు నేల, వరి పొలాల చుట్టూ గట్లు, వానాకాలంలో పడవల మీద రాకపోకలు. అక్కడ ఒక క్రైస్తవ కుటుంబంలో జబ్బుపడిన కొడుకు చనిపోతాడు. కుటుంబ సమాధిలోనే ఖననం చేయాలని తల్లి లీలమ్మ పట్టుదల. సమాధి నీళ్లలో ఉంది. నీరు తీసేదాకా శవాన్ని ఇంట్లోనే ఉంచుకుని ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపులో అత్తా కోడళ్లు ఒకరి దగ్గర ఒకరు దాచిన సంగతులు ఒక్కొక్కటే బయటపడతాయి. కోడలు అంజుకు వేరే మనిషి మీద ప్రేమ ఉంది. అత్త కొడుకు జబ్బు సంగతి దాచి పెళ్లి చేసింది. ఇంతకన్నా కథ చెప్పను.

అత్త ఊర్వశి, కోడలు పార్వతి తిరువోత్తు. ‘ఆకాశం నీ హద్దురా’లో సూర్య తల్లిగా ఊర్వశిని మనవాళ్లు చూసే ఉంటారు. ఇక్కడ ఆమె చేసింది ఇంకా కష్టమైన పని. కోడలి మీద కోపం, తను చేసిన పనికి లోపల దాచుకున్న బిడియం, ఒంటరిగా మిగిలిపోతానన్న భయం మూడూ ఒకే ముఖంలో కనిపిస్తాయి. ఆమె గొంతు పెంచిన సందర్భాలు చాలా తక్కువ. 2025లో ప్రకటించిన 71వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఆమెకు ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చింది. అదే జాబితాలో ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చింది. ఊర్వశిని సహాయ నటి అనడం మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆ సినిమాను మోసింది ఆమే.

మలయాళంలోనే చూశాం. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి అమ్మకు తెలుగులో చెబుతూ వచ్చాను. కొంతసేపటికి “నువ్వు చెప్పకు, వాళ్ల మొహాలు చూడనివ్వు” అంది. సగంలో ఆపమని తన చిన్నప్పటి సంగతి చెప్పింది. లంకలో వరద వచ్చినప్పుడు పక్కింటి ముసలాయన పోతే, శ్మశానం మునిగిపోయి ఉండటంతో పడవలో కరకట్ట దాకా తీసుకెళ్లి దహనం చేశారట. పడవలో చోటు చాలక ఆయన భార్యను ఒడ్డునే వదిలి వెళ్లారని, ఆ సంగతి ఆవిడ బతికినన్నాళ్లూ అంటూనే ఉండేదని చెప్పింది. ఇన్నేళ్లలో ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. మంచి సినిమాకు నేను ఇచ్చే విలువ ఇక్కడే ఉంది. దాని కథ మనది కాకపోయినా మన ఇంట్లో దాగిన కథను బయటకు లాగుతుంది.

మూడోది ‘35 చిన్న కథ కాదు’ (2024). తిరుపతిలో ఒక బస్సు కండక్టర్ ఇల్లు. విలువ లేని సున్నా ఒకటి పక్కన చేరగానే తొమ్మిదిని ఎలా మించిపోతుందని అడిగి, జవాబు దొరక్క లెక్కల్లో వెనకబడిన పిల్లవాడు. పదో తరగతి తప్పిన తల్లి వాడి కోసం మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది. నివేదా థామస్ తల్లిగా చక్కగా ఒదిగిపోయింది. ద్వితీయార్ధం కాస్త సాగింది, ఉపాధ్యాయుడి పాత్రను కొంచెం మొరటుగా దిద్దారు. అయినా పిల్లలున్న ఇంట్లో తప్పక చూడాల్సిన సినిమా.

ఒక్క జాగ్రత్త చెబుతాను. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే ‘బలగం’ అప్పుడే పెట్టకండి. బాబాయి సంవత్సరీకం కూడా కాకముందే మా పిన్ని ముందు ఎవరో పెట్టారు. కాకి ముట్టలేదన్న మాట రాగానే ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది, ఆ రోజు అన్నం తినలేదు. అలాంటి ఇంట్లో ‘35’తో మొదలుపెట్టండి, మిగతా రెండూ తరువాత చూడవచ్చు.