గాడి దాటిన మాట

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. సికింద్రాబాద్ స్టేషన్ బయట తల్లీకూతుళ్లు ఆటో బేరమాడే చోటు బాగా నచ్చింది. ఆగిపోయిందీ అక్కడే. కూతురి చేత "ఎగ్జార్బిటెంట్!" అనిపించి, కింది వాక్యంలో దాన్నే "అధిక చార్జీ" అన్నావు. చదువుకున్న పిల్ల ఇంగ్లీషులో అనడం సహజమే. నా పేచీ "అధిక"తోనే.

"ఎగ్జార్బిటెంట్" లాటిన్ నుంచి వచ్చిన మాట. అక్కడ "ఆర్బిటా" అంటే బండి చక్రం తొక్కిన గాడి. "ఎక్స్" అంటే బయటికి. రెండూ కలిస్తే గాడిలోంచి బయటపడ్డది అని. ఇంగ్లీషులో మొదట చట్టం పరిధిలో ఇమడని వ్యవహారాన్ని అలా అనేవాళ్లు. తర్వాత ధరలకు, ఫీజులకు, అద్దెలకు, వడ్డీలకు అతుక్కుపోయింది. గ్రహాలు తిరిగే ఆర్బిట్ కూడా ఆ గాడే. మనమూ "వ్యవహారం గాడి తప్పింది" అంటాం కదా! ఎక్కడి లాటిన్, ఎక్కడి మన ఎడ్లబండి! ఇది తెలిసిన రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

కాబట్టి ఆ మాటకు ఊరికే "ఎక్కువ" అని కాదు అర్థం. అందరికీ తెలిసిన ఒక రేటు ఉంది, దాన్ని దాటారు అనే ఫిర్యాదు అందులో ఉంది. వానకూ ఎండకూ అది నప్పదు. ఫ్లాట్‌కు కాదు, ఫ్లాట్ అద్దెకు వాడాలి. ముందు "వెరీ" తగిలించనక్కర్లేదు. స్పెల్లింగులో ఎక్స్ తర్వాత హెచ్ రాదు, చాలామంది పెట్టేస్తారు.

మన "అధిక" కొలత చెప్పి ఊరుకుంటుంది. అధిక దిగుబడి అంటే రైతుకు ఆనందమే. "మస్తు"లో సంతోషం ఎక్కువ. "విపరీతం" ఎండకూ సరిపోతుంది, ప్రేమకూ సరిపోతుంది. ఇక్కడ నేనైతే "అడ్డగోలు" అంటాను. అడ్డగోలు రేటు అనగానే అన్యాయం జరిగిందని చెవికి తెలుస్తుంది.

అయినా అది సగం పనే. నా మొదటి కథల్లో ఒకదానిలో "ఓనరు అద్దె విపరీతంగా పెంచాడు" అని రాశాను. చదివిన పెద్దాయన పక్కన పెన్సిల్‌తో "ఎంత నుంచి ఎంతకు?" అని రాసి తిప్పి పంపారు. ఆరు వందల నుంచి వెయ్యికి అని దిద్దాను. ఆ కథ నిలబడింది ఆ రెండు అంకెల మీదే.

నీ ఆటో అతను నాలుగు వందలు అడిగాడు. ఎక్కడికో రాయలేదు. పటాన్‌చెరుకైతే అది చౌక. చిక్కడపల్లికైతే దోపిడీ. తల్లి చేత "మొన్ననే నూటయాభైకి పోయినం గదా" అనిపించు. గాడి అక్కడ కనబడుతుంది. ఆ తర్వాత కూతురు ఇంగ్లీషులో అన్నా, నోరు మూసుకుని బ్యాగు ఎత్తుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఈ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర కాసేపు నిలబడు. "గింతనా?" అన్నాక జనం వెంటనే ఏమంటారో విను. ఆ సీను తిరగరాసి పంపు, ఎదురుచూస్తుంటాను.