తెగిన నరం కుట్టాక స్పర్శ ఎప్పుడు వస్తుంది?

ప్రశ్న: నా వయసు 34 సంవత్సరాలు. నాలుగు నెలల క్రితం అద్దం పగిలి, కుడి చేతి మణికట్టుకు నాలుగు వేళ్ల వెడల్పు పైన లోతుగా తెగింది. మీడియన్ నరం పూర్తిగా తెగిందని చెప్పి అదే రోజు ఆపరేషన్ చేసి కుట్టారు. గాయం మానింది కానీ బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు ఇప్పటికీ మొద్దుబారే ఉన్నాయి. పైగా నెల రోజులుగా మణికట్టు దగ్గర, ఇప్పుడు అరచేతి మొదట్లో ఏదైనా తగిలితే కరెంటు కొట్టినట్లు జివ్వుమంటోంది. నాడీ కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవని చదివాను. ఆపరేషన్ విఫలమైనట్లేనా? బి12 మాత్రలు వాడితే త్వరగా తగ్గుతుందా?

సలహా: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే నరం పెరుగుతున్నట్లే కనిపిస్తోంది. మిమ్మల్ని అంతగా భయపెడుతున్న ఆ జివ్వుమనడమే అందుకు ఆధారం. అదెలాగో వివరిస్తాను.

మీ వేళ్లకు స్పర్శనిచ్చే నాడీ కణాల కణదేహాలు, అంటే కణాల ప్రధాన భాగాలు, చేతిలో ఉండవు. మెడ దగ్గర, వెన్నుపాము నుంచి నరాలు బయటికి వచ్చే చోట చిన్న ముడుల్లో అవి గుంపులుగా ఉంటాయి. బొటనవేలి కండరాలను కదిలించే కణాలైతే వెన్నుపాము లోపలే ఉంటాయి. మిల్లీమీటరులో పదో వంతుకు మించని అంత చిన్న కణదేహం నుంచి బయలుదేరిన ఆక్సాన్ అనే తంతువు భుజాన్ని, మోచేతిని దాటుకుని వేలి కొస వరకు ఎక్కడా అతుకు లేకుండా సాగుతుంది. అద్దం తెంచింది ఆ తంతువులను. కొన్ని కణాలు ఆ దెబ్బకు చనిపోయి ఉండవచ్చు కానీ, గాయానికి అర మీటరుకు పైగా దూరంలో ఉన్న కణదేహాల్లో అత్యధిక భాగం బతికే ఉంటాయి. కొత్త కణాలు పుట్టవలసిన అవసరం లేదు, ఉన్నవే తమ తంతువులను మళ్లీ చాచుకోవాలి.

వాడుకలో రక్తనాళాలను కూడా నరాలనే అంటాం కాబట్టి, నరమంటే ఏదో ప్రవహించే గొట్టమని, రెండు కొసలు కలిపి కుడితే చాలునని చాలామంది అనుకుంటారు. మైక్రోస్కోపు కింద తెగిన నరం కొసను చూస్తే కేబుల్ కోసినట్లు ఉంటుంది: బయట ఒక గట్టి పొర, లోపల కట్టలు, ఒక్కో కట్టకు మరో పొర, వాటి నడుమ సన్నని రక్తనాళాలు, కట్టల లోపల వేలకొద్దీ ఆక్సాన్లు. సర్జన్ వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టేది పై పొరనే. లోపలి తంతువులను ఎవరూ అతికించలేరు.

గాయానికి కింది వైపు మిగిలిన తంతువు ముక్కలు కొద్ది రోజుల్లోనే శిథిలమైపోతాయి. అగస్టస్ వాలర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1850లో కప్ప నాలుక నరాలను కోసి ఈ మార్పును వివరించారు. ఆ శిథిలాలను మాక్రోఫేజ్‌లనే, చెత్తను మింగేసే రక్షక కణాలతో కలిసి తొలగించేవి ష్వాన్ కణాలు. మామూలు రోజుల్లో తంతువు చుట్టూ మయిలిన్ అనే కొవ్వు తొడుగును చుట్టే ఈ కణాలు, గాయం తర్వాత తమ తీరే మార్చుకుని, ఖాళీ అయిన దారిలో వరుసగా నిలిచి, పై నుంచి వచ్చే కొత్త తంతువును పెంచే పదార్థాలను విడుదల చేస్తాయి. నాడీ వ్యవస్థలో ఇంతటి సేవ చేసే కణం మరొకటి లేదని నా అభిప్రాయం.

తెగిన తంతువు తిరిగి పెరగకపోవడం మెదడుకు, వెన్నుపాముకు సంబంధించిన సంగతి. అక్కడ మయిలిన్‌ను తయారుచేసేవి ఆలిగోడెండ్రోసైట్లు. ఆ మయిలిన్‌లోని కొన్ని ప్రొటీన్లు, ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు ఏర్పరచే మచ్చ కణజాలం తంతువు పెరుగుదలను అడ్డుకుంటాయి. చేతి నరంలో ఆ అడ్డంకి ఉండదు.

కుట్టిన చోటును దాటడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాత తంతువు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. ఈ లెక్క ప్రకారం మీకు ఇప్పటికి అది ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు ప్రయాణించి అరచేతి మొదటికి చేరి ఉండాలి. పెరుగుతున్న కొసకు ఇంకా మయిలిన్ తొడుగు ఏర్పడదు కాబట్టి చిన్న తాకిడికే జివ్వుమంటుంది. దీన్ని టినెల్ సూచన అంటాం. వేలి కొసతో నరం వెంట, వేళ్ల వైపు నుంచి పైకి మెల్లగా తట్టుకుంటూ రండి. మొదట జివ్వుమన్న చోట పెన్నుతో చుక్క పెట్టి, గాయం మచ్చ నుంచి స్కేలుతో కొలిచి, తేదీతో సహా రాసుకోండి. నెల తర్వాత అది రెండున్నర, మూడు సెంటీమీటర్లు కిందికి జరిగితే అంతకంటే మంచి వార్త ఉండదు.

వేలి కొసలకు చేరడానికి గాయమైన నాటి నుంచి తొమ్మిది, పది నెలలు పట్టవచ్చు. అప్పుడు వచ్చే స్పర్శ కూడా మునుపటిలా ఉండకపోవచ్చని ముందే చెప్పడం నా బాధ్యత. కొన్ని తంతువులు దారి తప్పి వేరే వేలికి చేరతాయి, కొత్త మయిలిన్ పలుచగా ఉండి సంకేతాల వేగం తగ్గుతుంది. అందుకే కళ్లు మూసుకుని, తెరిచి, దూది, గుడ్డ, నాణెం వంటి వాటిని తాకి గుర్తుపట్టే స్పర్శ శిక్షణను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. కండరం విషయంలో మాత్రం గడువు ఉంది. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే తిరిగి పనిచేసే అవకాశం చాలా తగ్గిపోతుంది.

బి12 లోపం ఉంటే తప్పక సరిచేయాలి, ఎందుకంటే మయిలిన్‌కు అది అవసరం. లోపం లేనివారిలో మాత్రలు వేసుకున్నంత మాత్రాన నరం వేగంగా పెరగదు. నరాల బలానికంటూ అమ్మే మాత్రల్లో బి6 మోతాదు చూడండి. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే స్పర్శ నరాలను దెబ్బతీస్తుంది. మధుమేహం ఉంటే అదుపులో పెట్టుకోండి, పొగతాగే అలవాటు ఉంటే మానేయండి.

స్పర్శ లేని వేలు కాలినా తెలియదు. వేడి పాత్రను ఎడమ చేత్తోనే పట్టుకోండి, నీటి వేడిని ఎడమ చేత్తోనే చూసుకోండి, రోజూ రాత్రి మూడు వేళ్లనూ వెలుతురులో పరీక్షించి ఎర్రబారినా పొక్కినా వెంటనే చికిత్స చేయించుకోండి.

అరచేతిని పైకి పెట్టి బొటనవేలిని నిటారుగా లేపడానికి ప్రయత్నించండి. ఆరో, ఏడో నెలకు కూడా ఆ కదలిక మొదలు కాకపోయినా, టినెల్ చుక్క రెండు నెలలు ఒకేచోట నిలిచిపోయినా, కుట్టిన చోట నొప్పి పుట్టే గడ్డ తగిలినా, ఆపరేషన్ చేసిన సర్జన్‌ను కలిసి నరాల పరీక్ష, ఈఎంజీ (కండరాల విద్యుత్ స్పందనను కొలిచే పరీక్ష) చేయించుకోండి. మీ కొలతల కాగితం వెంట తీసుకెళ్లండి.