రక్తనాళాల పరిశోధనకు పూనుకున్న హారికకు

విశాఖపట్నం

చి. హారికకు ఆశీస్సులు.

రక్తకణాల పుట్టుకనూ, కణితిలోని రోగనిరోధక కణాల తీరునూ కలిపి పరిశోధనాంశంగా తీసుకున్నావని మీ నాన్నగారు చెప్పగా ఎంతో సంతోషించాను. అడిగావు కనుక నాకు తోచినవి రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క గుర్తును (కణం మీద కనబడే ప్రోటీన్‌ను) చూసి కణానికి పేరు పెట్టవద్దు. పిండంలో రక్త మూలకణాలు ముఖ్యంగా మహాధమని లోపొర నుంచి పుడతాయి. ఆ పొరలోని చదునైన కణం గుండ్రబడి, గోడను విడిచి బయటపడడాన్ని 2010లో జీబ్రాచేప పిండాల్లో ప్రత్యక్షంగా చిత్రించారు. పుట్టిల్లు ఒకటే కావడంతో నాళపు గోడ కణాలు, రక్తకణాలు అనే రెండు తెగలకూ ఉమ్మడి గుర్తులు చాలా ఉన్నాయి. సీడీ31 అనే గుర్తు నాళాల గోడల మీదే కాదు, ప్లేట్‌లెట్ల మీదా, అనేక తెల్లకణాల మీదా కనబడుతుంది. అందువల్ల దాని పక్కన తెల్లకణాల గుర్తయిన సీడీ45, నాళపు గోడ కణాల గుర్తయిన వీఈ-క్యాడ్‌హెరిన్ తప్పక పెట్టు. రెండు తెగల గుర్తులూ ఉన్న కణం కనబడితే అది నిజంగా మారుతున్న కణమో, అంటుకుపోయిన రెండు కణాలో మైక్రోస్కోపు కింద తేల్చుకున్నాకే నోటుపుస్తకంలోకి ఎక్కించు.

జీబ్రాచేప పిండాలను 28.5 డిగ్రీల దగ్గర పెంచాలి. మన విశాఖలో మే నెలలో కరెంటు పోతే ఇంక్యుబేటర్ వేడెక్కి పిండం ఎదుగుదల ముందుకు జరిగిపోతుంది; కనుక గంటలను మాత్రమే నమ్మక, పిండం ఆకారాన్ని చూసి దశను నిర్ణయించు.

ఇక కణితి సంగతి. కణితి బతకాలంటే కొత్త నాళాలు కావాలని అమెరికా వైద్య శాస్త్రవేత్త జుడా ఫోక్‌మన్ 1971లోనే ప్రతిపాదించారు. నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ప్రభావంతో వంకరటింకరగా, కారుతూ పెరిగే ఆ నాళాల గోడలు, కణితిపై పోరాడే రోగనిరోధక కణాలైన టీ కణాలను సులభంగా లోపలికి రానివ్వవు. వీఈజీఎఫ్‌ను అడ్డుకుని ఆ అడ్డును తగ్గించే బెవాసిజుమాబ్ అనే మందునూ, టీ కణాల పగ్గాన్ని విడిపించే అటెజోలిజుమాబ్‌నూ కలిపి ఇచ్చే చికిత్సకు కాలేయ క్యాన్సర్‌లో 2020లో అమెరికా అనుమతి దొరికింది. కాబట్టి కణజాలమంతా కరిగించి, విడివిడి కణాలను లెక్కించే ఫ్లో సైటోమెట్రీకి పంపేయకు, ఏ కణం ఎక్కడుందో చెప్పే ఆధారం పోతుంది. సగం ముక్కను మైక్రోస్కోపు కింద చూసే పలుచని కోతలకు దాచి, సీడీ8 కణం (కణితి కణాలను చంపే టీ కణం) దగ్గరి నాళానికి ఎంత దూరంలో ఉందో, అంచున ఎన్నున్నాయో, నడిమధ్య ఎన్నున్నాయో కొలువు.

రోగుల నమూనాలకు కేజీహెచ్‌ను (కింగ్ జార్జ్ ఆసుపత్రిని) అడిగినా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని అడిగినా, ముందు నైతిక సంఘం అనుమతి కావాలి; దానికి ఇప్పుడే దరఖాస్తు చేయి. అంగీకార పత్రం మన్యంలోని పాడేరు నుంచి వచ్చిన రోగికి కూడా అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ముసాయిదా సిద్ధమవగానే పంపు, చదివి దిద్ది పెడతాను.

మీ పెదనాన్న