పాత ఇంట్లో రెండు రాత్రులు

అమ్మడూ,

నువ్వు పంపిన లింకు చూశాను. చుట్టూ తెల్ల వరండా, మూలన గుండ్రటి బురుజు, గుమ్మం పక్కన కంచు పలక... ఇల్లు ముచ్చటగా ఉంది. మూడో అంతస్తు గది తీసుకున్నామనీ, కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుందనీ రాశావు. అక్కడే నాకు గుండె గుభేలుమంది. మీ అత్తగారు కూడా వస్తున్నారు కదే!

అమెరికా వచ్చిన ఈ ముప్పై ఏళ్లలో మీ పెదనాన్నా నేనూ ఇలాంటి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్లలో, అంటే సొంత ఇంట్లోనే గదులు అద్దెకిచ్చి పొద్దున్నే టిఫిన్ పెట్టేచోట్ల, చాలాసార్లే దిగాం. మొదటిసారి నేనూ నీలాగే ఫొటో చూసి పై గది బుక్ చేశాను. రెండో అంతస్తు దాకా మెట్లు వెడల్పుగా, రాజుగారి కోటలోలా ఉన్నాయి. ఆ పైన మాత్రం అప్పట్లో పనివాళ్లు తిరిగిన మెట్లు. మెలిక తిరిగి, మడమ పట్టనంత ఇరుకుగా, ఒక్క వైపే కమ్మీ. మీ పెదనాన్న మోకాలు పట్టుకుని సగంలో కూర్చుండిపోయారు. డెబ్బై దాటిన ఆ ఇంటాయన మా పెద్ద సూట్‌కేసు భుజాన వేసుకుని పైకి మోస్తుంటే నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. ఆ రెండు రోజులూ ఒకసారి ఎక్కితే మళ్లీ దిగడానికి భయపడి, ఊరు చూడటానికి వెళ్లి కిటికీలోంచే చూసి వచ్చాం.

అందుకని ముందు వాళ్లకి ఫోన్ చెయ్యి. మెయిల్ కాదు, ఫోనే. "వీధిలోంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు? రెండు వైపులా కమ్మీ ఉందా?" అని అడుగు. "మెట్లు ఎక్కువా?" అని అడగకు. రోజుకి ఇరవైసార్లు ఎక్కిదిగే వాళ్లకి అవేం ఎక్కువ కాదు. అంకె అడిగితే అంకె చెప్తారు. కింది అంతస్తులో గది ఉంటే అది మీ అత్తగారికి తీసుకో. పై గది మోజు తీరకపోతే మీ ముగ్గురూ పైన పడుకోండి.

చట్టం ప్రకారం లిఫ్టో, ర్యాంపో ఉండాలి కదా అని అల్లుడుగారు అంటారేమో. 1990లో వచ్చిన వికలాంగుల చట్టం హోటళ్లకి వర్తిస్తుంది గానీ, యజమాని తను కాపురముంటున్న ఇంట్లోనే ఐదు గదులకి మించకుండా అద్దెకిస్తుంటే దానికి మినహాయింపు ఉంది. నువ్వు బుక్ చేసింది నాలుగు గదుల ఇల్లు, పైగా ఓనరు అందులోనే ఉంటారని రాసుంది. కాబట్టి ఉంటుందనుకోవద్దు, అడుగు.

ఇక ఆ కంచు పలక సంగతి. "నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్" అని ఉంటే, 1966 నాటి చట్టంతో మొదలైన చారిత్రక స్థలాల జాబితాలో ఆ ఇల్లు చేరిందని అర్థం. నేషనల్ పార్క్ సర్వీస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దాన్ని చూసుకుంటుంది. మామూలుగా యాభై ఏళ్లు నిండిన కట్టడాలనే తీసుకుంటారు. అంతేగానీ ప్రభుత్వం వచ్చి పరుపులు నొక్కి చూసి, కుళాయిలు తిప్పి చూసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదది. ఆ పలక కూడా ప్రభుత్వం ఇచ్చేది కాదు, ఎవరి పలక వాళ్లే చేయించుకుంటారు. ఇల్లు గొప్పది కావచ్చు, గది సౌకర్యంగా ఉందా లేదా అన్నది వేరే లెక్క.

కానీ ఆ జాబితా వల్ల మనకో లాభం ఉంది. ఇల్లు అందులో చేరాలంటే దాని చరిత్రంతా రాసి దరఖాస్తు పెట్టాలి. ఎవరు కట్టారు, ఏ గది ఎప్పుడు కలిపారు, ఏ మెట్లు అసలువి, అన్నీ ఉంటాయి. వాటిలో చాలావరకు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. ఇంకోటి, శాన్‌బోర్న్ మ్యాపులని ఉన్నాయి. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం ఊళ్లలో ఇల్లిల్లూ గీసినవి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో దొరుకుతాయి. గులాబీ రంగు వేస్తే ఇటుక కట్టడం, పసుపు అయితే చెక్క. ఒకసారి వెళ్లేముందు రాత్రి మేం దిగబోయే ఇల్లు అందులో వెతికితే, వెనకాల గుర్రాల కొట్టం కూడా గీసి ఉంది. తెల్లారి అక్కడికి వెళ్లి చూస్తే అదే కొట్టం, కారు షెడ్డయి కూర్చుంది. మీ పెదనాన్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. వెళ్లేముందు ఒక గంట దీనికి పెట్టు, డబ్బు పెట్టినా రాని సరదా ఇది.

బాత్‌రూమ్ దగ్గర మాటలు జాగ్రత్తగా చదువు. "ఎన్ సూట్" అంటే గదిలోనే ఉంటుంది. "ప్రైవేట్ బాత్" అంటే మీ ఒక్కరిదే, కానీ హాలు దాటి అవతల ఉండొచ్చు. అర్ధరాత్రి నైటీలో హాల్లోకి రావాలన్నమాట. "షేర్డ్" అంటే సరే, తెలిసిందే. మీ అత్తగారు రాత్రి రెండుసార్లు లేస్తారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. గోళ్ల కాళ్ల మీద నిలబడే పాత పోత ఇనుము టబ్బు ఉంటే ఫొటోలో భలే ఉంటుంది. దాని అంచు దాటడానికి కాలు మోకాలంత ఎత్తు లేపాలి, లోపల అడుగు నున్నగా జారుతుంది, పట్టుకోవడానికి గోడ దగ్గరగా ఉండదు. నేనోసారి షవర్ కర్టెన్ పట్టుకోబోయి కర్టెనూ నేనూ కలిసి కూలబడ్డాం. విడిగా షవర్ ఉన్న గది ఏదో కనుక్కో. ఇంటికంతా ఒకటే వేడినీళ్ల ట్యాంకు ఉన్నచోట టిఫిన్‌కి ముందు అరగంటలో అందరూ స్నానానికి లేస్తారు. మీరు ఆరింటికే కానిచ్చేయండి, లేదా రాత్రే పోసుకోండి.

నిద్ర మాట. అప్పట్లో ఏసీలు లేవు కాబట్టి గాలి ఆడటానికి తలుపు పైన చిన్న కిటికీ పెట్టేవాళ్లు. ఇప్పుడు దాన్ని మూసేసినా పక్క గది గురక అందులోంచే వస్తుంది. చలికాలంలో గదుల్ని వేడిచేసే ఆవిరి రేడియేటర్లున్న ఇల్లయితే గొట్టంలో ఆగిన నీళ్లకి ఆవిరి తగిలి తెల్లవారుజామున ఎవరో సుత్తితో కొట్టినట్టు టంగుటంగుమంటుంది. బూచాడు కాదు, గొట్టమే. పిల్లకి ముందే చెప్పి ఉంచు. అన్నిటికంటే ముఖ్యం, మ్యాపులో రైలు పట్టాలెంత దూరమో చూడు. ఇలాంటి చిన్న ఊళ్లు చాలావరకు రైలుదారి పట్టుకునే పెరిగాయి. రోడ్డు క్రాసింగ్ దగ్గర రైలు కూత వేసి తీరాలని రూలు: రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ ఒకటి పొడుగు, 15 నుంచి 20 సెకన్లు, కనీసం 96 డెసిబెల్స్. కూత వేయనక్కర్లేని "క్వయట్ జోన్" అయితే అదృష్టం. గూడ్సు బండికి రాత్రీ పగలూ లేదు. చెవుల్లో పెట్టుకునేవి నాలుగు జతలు సంచిలో వేసుకో.

పిల్ల సంగతి వెంటనే తేల్చుకోవాల్సింది. చాలా ఇళ్లలో పన్నెండేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. కొన్నిచోట్ల ఆ మాట బుకింగ్ పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది. నీది మూడేళ్ల పిల్ల. అక్కడికి వెళ్లాక గుమ్మంలో మాట పడటం కంటే ముందే అడగడం మేలు. రానిస్తామంటే ఇంకో ప్రశ్న: కిటికీ చెక్కల రంగు పెచ్చులూడుతోందా? ఇళ్లకి వేసే రంగుల్లో సీసం వాడకాన్ని ఇక్కడ 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇంట్లో కిటికీ తెరిచి మూసినప్పుడల్లా రాలే పొడి పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. బాగా చూసుకునే వాళ్లయితే ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు. మంచం కిటికీకి దూరంగా జరుపుకో, చేతులు కడిగిస్తూ ఉండు, చాలు. టెన్షన్ పడాల్సిన పనిలేదు.

టిఫిన్ గురించి వారం ముందే చెప్పు. "వెజిటేరియన్" అనే ఒక్క మాట చాలదు, చేప తింటారా అని అడిగిన వాళ్లున్నారు నన్ను. మీరిద్దరూ గుడ్డు తింటారు, మీ అత్తగారు తినరు, అది విడిగా చెప్పు. మాంసం వేయించిన పెనం మీద ఆవిడది చేయొద్దని కూడా చెప్పు. చెప్పడానికి నాకూ మొదట్లో మొహమాటమే. ఒకసారి చెప్పకుండా వెళ్తే, పాపం ఆ ఇంటావిడ పొద్దున్నే లేచి చేసిన బేకన్ (పంది మాంసం) పళ్లెం మా ముందు చల్లారిపోయింది. ఆవిడ మొహం చూడలేకపోయాను. చెప్పకపోవడమే అసలు మర్యాద తక్కువని ఆరోజు తెలిసింది.

బల్ల దగ్గరికి చెప్పిన టైముకి దిగండి. మిగతా గదుల వాళ్లూ అక్కడే కూర్చుంటారు, పరిచయాలవుతాయి. అల్లుడుగారిని ఫోను పైనే పెట్టి రమ్మను. ఆ ఇల్లు ఎలా నిలబెట్టారో అడిగితే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. కిటికీ అద్దాల్లో బయటి చెట్లు అలలు అలలుగా ఎందుకు కనిపిస్తాయో అడుగు. కాలం గడిచేకొద్దీ గాజు కిందికి జారిందని ఎవరైనా అంటే నమ్మకు. అప్పట్లో గాజుని గొట్టంలా ఊది, కోసి, పరిచేవాళ్లు. తయారీలోనే వచ్చిన అలలవి. ఒక్కటి మాత్రం అడగొద్దు, ఇల్లు ఎంతకి కొన్నారని. మీ పెదనాన్న అడిగారు. బల్ల చుట్టూ అందరి చెంచాలూ ఒక్కసారి ఆగిపోయాయి.

దెయ్యం కథలు చెప్పడం కొందరికి సరదా, వ్యాపారానికి కూడా పనికొస్తుంది. పిల్ల ముందు చెప్పొద్దని నెమ్మదిగా అను. మీ అత్తగారి ముందు అసలే వద్దు.

డబ్బు మాటకొస్తే, బుకింగ్ సైట్‌లో కాకుండా నేరుగా వాళ్ల దగ్గరే తీసుకోవడం మంచిది. సైట్ కమీషన్ వాళ్లకి మిగులుతుంది, గది మార్చమని అడగడం నీకు తేలికవుతుంది. వీకెండ్‌కి రెండు రాత్రులు తప్పనిసరనే షరతు మామూలే. క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి రావడానికి గడువు హోటల్ కంటే ముందే ముగుస్తుంది. నాలుగు గదుల్లో ఒకటి ఖాళీ పడితే వాళ్లకి పావు వంతు పోయినట్టే, తప్పు పట్టలేం. తేదీ చూసి క్యాలెండర్లో రాసుకో.

ఇంకో మాట. "చెక్ ఇన్ నాలుగు నుంచి ఆరు" అంటే, ఆ రెండు గంటలూ ఒక మనిషి మీకోసం ఇంట్లో కూర్చుంటారని అర్థం. ఆలస్యమైతే దారిలోంచే ఫోన్ చెయ్యండి. అంత చిన్న ఊళ్లో రాత్రి ఎనిమిది దాటితే తినడానికి ఏమీ దొరక్కపోవచ్చు, దారిలోనే తినేసి వెళ్లండి. పెద్ద సూట్‌కేసు వద్దు, రెండు చిన్న సంచులు చాలు. గదిలో అగరొత్తి గానీ కొవ్వొత్తి గానీ వెలిగించొద్దు. వందేళ్ల చెక్క ఇల్లది.

ఇవాళే ఫోన్ చెయ్యి. అయితే పొద్దున్నే చేయకు, అప్పుడు టిఫిన్ల హడావుడిలో ఉంటారు. నాలుగు తర్వాతా వద్దు, కొత్తవాళ్లు దిగే వేళ. పదకొండుకీ పన్నెండుకీ మధ్య అయితే తీరిగ్గా మాట్లాడతారు. మెట్లెన్నో కనుక్కుని నాకు మెసేజ్ పెట్టు. పద్నాలుగు దాటితే మీ అత్తగారితో నేనే మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ