ఎన్జిన్ఎక్స్ వెనుక ప్రాక్సీ సేవ: ఆగని రీడైరెక్టులు

ప్రశ్న: నా సర్వర్‌లో ఎన్జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాము ఇప్పటికే రెండు వెబ్‌సైట్లకు రివర్స్ ప్రాక్సీగా, అంటే బయటి రిక్వెస్టులను అందుకుని వెనుకనున్న సేవలకు చేరవేసేదిగా పనిచేస్తోంది. దాని వెనుక డాకర్‌లో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి అరల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఒక వెబ్ ప్రాక్సీ సేవను (ఇతర సైట్లను తన ద్వారా తెరిచేది) 8080 పోర్టుపై పెట్టాను. బ్రౌజర్‌లో తెరిస్తే రీడైరెక్టులు (వేరే చిరునామాకు మళ్లింపులు) మితిమీరాయంటూ పేజీ ఆగిపోతోంది. లాగ్‌లో ఎవరు వచ్చినా 172.17.0.1 అనే చిరునామాయే పడుతోంది. ఈ సేవకు హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్టును నేరుగా ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వనక్కరలేదు, ఇవ్వడం కుదరదు కూడా, ఎన్జిన్ఎక్స్ పట్టుకుని ఉన్న పోర్టును అదే చిరునామాపై మరో ప్రోగ్రాము తీసుకోలేదు. మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే: ముందున్న ఎన్జిన్ఎక్స్ తనకు తెలిసిన వివరాలను వెనుకనున్న సేవకు అందించడం లేదు.

బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్‌లోనే వచ్చినా, ఆ ఎన్‌క్రిప్షన్ ఎన్జిన్ఎక్స్ దగ్గరే ముగిసి, రిక్వెస్టు లోపలికి మామూలు హెచ్‌టీటీపీగా చేరుతుంది. దాన్ని చూసిన సేవ 'హెచ్‌టీటీపీఎస్‌లో రండి' అని తిప్పి పంపుతుంది; బ్రౌజర్ మళ్లీ అదే దారిన వస్తుంది, మళ్లీ అదే జవాబు అందుకుంటుంది. కాబట్టి ఎన్జిన్ఎక్స్ సెట్టింగులలో ప్రాక్సీ పాస్ (రిక్వెస్టును ఏ సేవకు పంపాలో చెప్పే వరుస) ఉన్న చోటే హోస్ట్ (డొమైన్ పేరు), ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో (బ్రౌజర్ వచ్చినది హెచ్‌టీటీపీలోనా, హెచ్‌టీటీపీఎస్‌లోనా), ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ (వచ్చినవారి చిరునామా) హెడర్లను, అంటే రిక్వెస్టుతో పాటు వెళ్లే వివరాలను పంపేలా రాయండి. హోస్ట్‌ను మరచిపోవద్దు, మీరు చెప్పకపోతే ఎన్జిన్ఎక్స్ మీ డొమైన్ పేరుకు బదులు ప్రాక్సీ పాస్‌లో రాసిన చిరునామానే పంపుతుంది.

హెడర్లు పంపితే సగం పనే అయినట్టు. వాటిని ఎవరి నుంచి వచ్చినప్పుడు నమ్మాలో సేవ సెట్టింగులలో చెప్పాలి. మీ విషయంలో అది లాగ్‌లో కనిపిస్తున్న 172.17.0.1, అంటే కంటైనర్లను సర్వర్‌తో కలిపే డాకర్ బ్రిడ్జి చిరునామా. దయచేసి అందరినీ నమ్మే సెట్టింగు మాత్రం పెట్టకండి. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్‌లో ఎవరైనా తమకు నచ్చిన చిరునామా రాసి పంపవచ్చు. సాధారణంగా వాడే పద్ధతిలో ఎన్జిన్ఎక్స్ దాన్ని తుడిచివేయకుండా, అసలు చిరునామాను దాని చివర చేర్చుతుంది. అందుకే ఆ వరుసలో ఎడమ కొసన ఉన్నదాన్ని ఆధారంగా తీసుకోకూడదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ 8080 పోర్టు. డాకర్‌లో '8080:8080' అని రాస్తే అది అన్ని నెట్‌వర్క్ చిరునామాలపైనా తెరుచుకుంటుంది; డాకర్ ఫైర్‌వాల్ నియమాలను తానే రాసుకుంటుంది కనుక యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సాధనంలో మీరు మూసినా ఆ పోర్టు మూతపడదు. అప్పుడు ఎన్జిన్ఎక్స్‌లో పాస్‌వర్డు పెట్టినా దాన్ని దాటుకుని, అపరిచితులు మీ ప్రాక్సీని నేరుగా వాడుకోగలరు. సర్వర్ లోపలి నుంచి మాత్రమే అందేలా '127.0.0.1:8080:8080' అని మార్చి కంటైనర్‌ను మళ్లీ సృష్టించండి. ఎన్జిన్ఎక్స్ మార్పులను 'ఎన్జిన్ఎక్స్ -టి' (nginx -t) ఆదేశంతో పరీక్షించాకే రీలోడ్ చేయండి. చివరగా, వేరే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ నుంచి మీ సర్వర్ 8080 పోర్టుకు కర్ల్ (curl) అనే ఆదేశంతో కనెక్ట్ కావడానికి ప్రయత్నించండి. కనెక్షన్ కుదరకపోతేనే సేవను ఇతరులకు ఇవ్వండి.