అప్పీలు ఉంటే జైలు బదిలీ ఆగుతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి హత్య కేసులో యావజ్జీవం పడింది. తెలంగాణ హైకోర్టులో అప్పీలు వేశాం, పెండింగ్‌లో ఉంది. భద్రత పేరు చెప్పి వాణ్ణి పక్క రాష్ట్రం జైలుకి పంపిస్తున్నారని మొన్న ములాఖత్‌లో తెలిసింది. అమ్మ మంచాన పడి ఉంది, వాణ్ణి చూడకుండా బతకలేనంటోంది. ఇక్కడే చిన్న కేసు ఒకటి పెట్టించుకుంటే విచారణ ఖైదీ అవుతాడు, ఇక పంపలేరని తెలిసినాయన చెప్పాడు. చేయొచ్చా?
– ఒక సోదరి, నిజామాబాద్ జిల్లా

జవాబు: మీరు పంపిన కాగితాల మీద అప్పీలు నంబరు లేదమ్మా. ఉన్నది ఎస్.ఆర్. నంబరే, అంటే కాగితాలు అందాయని వేసే తాత్కాలిక నంబరు. సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకి వెళ్లడానికి గడువు 60 రోజులు, తీర్పు నకలు కోసం పట్టిన రోజులు మినహాయించి. మీరు ఐదు నెలలు ఆలస్యంగా వేశారు. ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్‌కి ఆబ్జెక్షన్లు పెట్టి హైకోర్టు ఆఫీసు తిప్పి పంపితే, సరిచేసి మళ్లీ దాఖలు చేయలేదు. ఇన్నాళ్లలో ఒక్కసారైనా లాయరుని నంబరు అయిందా అని అడగాల్సింది. లోపల ఉన్న మనిషి అడగలేడు, మీరే అడగాలి. అప్పీలు నంబరు అయితేనే శిక్ష నిలిపివేసి బెయిలు ఇమ్మని అడిగే దారి తెరుచుకుంటుంది.

అయితే అప్పీలు నంబరు అయినంత మాత్రాన బదిలీ ఆగదు. శిక్ష పడిన ఖైదీని వేరే రాష్ట్రానికి పంపే అధికారం 1950 నాటి ఖైదీల బదిలీ చట్టం, సెక్షన్ 3 కింద రాష్ట్ర ప్రభుత్వానిది. అవతలి ప్రభుత్వం సమ్మతి కూడా ఉండాలి. జైలు సూపరింటెండెంట్ తనంతట తాను పంపలేడు. కాబట్టి తేలాల్సింది ఒక్కటే: ప్రభుత్వ ఉత్తర్వు ఉందా, అందులో అవతలి రాష్ట్రం సమ్మతి ఉందా? ములాఖత్‌లో విన్న మాట పట్టుకుని కోర్టుకి వెళితే నిలవదు. ఉత్తర్వు నకలు ఇమ్మని లాయరు చేత సూపరింటెండెంట్‌కి లిఖితపూర్వకంగా అడిగించి రసీదు తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద కూడా దరఖాస్తు పెట్టండి. మనిషి స్వేచ్ఛకి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి.

ఇక ఆ దొంగ కేసు సంగతి. పొరపాటున కూడా ఆ పని చేయొద్దు. విచారణ ఖైదీని తరలించాలంటే కోర్టు అనుమతి కావాలని 2012లో సయీద్ సోహైల్ షేక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. ఆ రక్షణ నిజంగా విచారణలో ఉన్నవాళ్ల కోసం. కల్పించిన కేసు బయటపడితే ఫిర్యాదు ఇచ్చినవాడూ, పెట్టించిన మీరూ ముద్దాయిలవుతారు. బయటపడకపోయినా మీ తమ్ముడి మీద ఇంకో కేసు ఉన్నట్టే కదా, రేపు బెయిలు అడిగితే పబ్లిక్ ప్రాసిక్యూటర్ మొదట చూపించేది దాన్నే.

చేయాల్సింది హైకోర్టులో రిట్. హోం శాఖ, జైళ్ల శాఖ డీజీ, సూపరింటెండెంట్ ప్రతివాదులు. ఉత్తర్వు అమలు తాత్కాలికంగా ఆపమని మధ్యంతర పిటిషన్ జత చేయాలి. తరలింపు ఒకటి రెండు రోజుల్లో ఉందని తేలితే లంచ్ మోషన్ అడగమనండి, అంటే అత్యవసరమని ఆ రోజే విచారించమని అడగడం. రిట్‌కి నిర్ణీత గడువు లేదు గానీ, వ్యాను బయలుదేరాక ఆపమని అడగడానికి ఏమీ మిగలదు. ఫలానా జైల్లోనే ఉంచాలనే హక్కు ఖైదీకి లేదు, ఆ ఆశ పెట్టుకోకండి. కానీ అయినవాళ్లు వచ్చి చూసే వీల్లేనంత దూరం పంపడం అతని స్వేచ్ఛని దెబ్బతీసే చర్యేనని, దాన్ని న్యాయపరంగా పరిశీలించాలని 1980లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ రిట్ నిలవాల్సింది దాని మీద. అమ్మగారి బాధ అఫిడవిట్‌లో రెండు వాక్యాలు చాలు. ఆసుపత్రి కాగితాలు, ఎవరెవరు ఎన్నిసార్లు వెళ్లారో తెలిపే ములాఖత్ రిజిస్టరు వివరాలు మాత్రం తప్పకుండా జత చేయాలి.

డబ్బుల టెన్షన్ ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. తిప్పి పంపిన ఆ అప్పీలు కాగితాలు మాత్రం రేపే మళ్లీ దాఖలు చేయించి, ఆలస్యానికి కారణం రోజులతో సహా రాయించండి.