తీసేయాల్సింది ఫోన్ కాదమ్మా

"పదో తరగతి చదివే మా అబ్బాయి ఏ పనైనా చివరి రాత్రి దాకా ముట్టుకోడు. గట్టిగా అడిగితే కడుపునొప్పి అంటాడు. నాన్నకి చెప్తానన్నా చలనం లేదు. సైన్స్ రికార్డులో హెడ్డింగ్ రెండు రంగుల్లో రాసి, స్కేలుతో గీత కొట్టి, కింద పేజీ ఖాళీగా వదిలేశాడు. ఆయనకు తెలిస్తే ఊరుకోరని అర్ధరాత్రి నేనే కూర్చుని రాశాను. ఫోన్ లాక్కుని టైమ్‌టేబుల్ పెడితే దారికొస్తాడా?" అని ఒక తల్లి అడిగారు.

రాడు. ఫోన్ లేకపోతే ఫ్యాన్ చూస్తూ కూర్చుంటాడు. ఆ సంగతి వదిలేయండి.

బద్ధకస్తుడు హెడ్డింగ్ కింద అంత శ్రద్ధగా గీత కొట్టడమ్మా. వాడికి రాయాలనే ఉంది, రాశాక ఎవరేమంటారోనని భయం. పూర్తిచేసిన పనికైతే వంక పెడతారు, మొదలే పెట్టని పనికి ఏం వంక పెడతారు? వాయిదా వేయగానే గుండె కాస్త తేలికపడుతుంది. ఆ ఊరటే అలవాటైపోతుంది. డయాన్ టైస్, రాయ్ బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన అధ్యయనంలో, పనులు వాయిదా వేసే కాలేజీ విద్యార్థులు సెమిస్టర్ మొదట్లో మిగతావాళ్ల కంటే హాయిగానే ఉన్నారు. చివరికొచ్చేసరికి టెన్షన్, అనారోగ్యం వాళ్లకే ఎక్కువ. కాబట్టి ఆ కడుపునొప్పిని నాటకం అనకండి.

అసలు చిక్కు మీకూ మీవారికీ మధ్య ఉంది. "నాన్నకి చెప్తా" అంటూ ఆయన్ని ఇంట్లో జడ్జిని చేశారు. తీరా చెప్పాల్సిన రోజున దాచారు. ఈ చాటుమాటు ప్రేమ నాకు ఎప్పుడూ నచ్చదు. వాడి రికార్డు మీరు రాయడమంటే "నీవల్ల కాదులే" అని వాడి మొహం మీద అనడమే.

ఈ వారంలోనే ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి. కోప్పడితే మీరు పడండి. తర్వాత ఆయన్నే వాడి పక్కన కూర్చోమనండి. పావుగంట, ఒక్క పేజీ, తప్పులు దిద్దకుండా. నిన్న ఎందుకు రాయలేదని ఇద్దరూ తవ్వొద్దు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక పరీక్షకు చదువు వాయిదా వేసినా 'పోనీలే' అని తమను తాము మన్నించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు ఆ వాయిదా తగ్గించుకున్నారు.

నిద్ర, తిండి తగ్గి, ఇష్టమైన ఆటల మీద కూడా మనసు పోకుండా రెండు వారాలు గడిస్తే సైకియాట్రిస్ట్‌కి చూపించండి. బతకడం ఎందుకు అన్నాడా, ఆ రోజే తీసుకెళ్లండి.

రికార్డులో మిగిలిన ప్రయోగాలు వాడే రాస్తాడు. గడువు దాటితే టీచరు ముందు వాడే నిలబడతాడు, పక్కన వాళ్ల నాన్న ఉంటారు.